ఆఫీసరమ్మ నవ్వింది

గంట మోగింది. మళ్ళీ తోటికోడలిదే.

విద్యార్థుల్ని పై దేశాలకి పంపే ఆ కన్సల్టెన్సీలో రిసెప్షన్ బల్ల పక్కన గోడకి ఒక ఇత్తడి గంట వేలాడుతూ ఉంటుంది. ఎవరికైనా యూనివర్సిటీ నుంచి సీటు ఖాయమైన ఉత్తరం వచ్చిందంటే చాలు, ఆ ఫైలు చూసిన కౌన్సెలర్ లేచి వెళ్ళి గంట కొట్టాలి, మిగతావాళ్ళు చేతిలో పని వదిలేసి చప్పట్లు కొట్టాలి. డైరెక్టర్ ఎక్కడో చూసొచ్చి పెట్టిన పద్ధతి అది. ఆరేళ్ళపాటు ఆ గంట తాడు ఎక్కువసార్లు పట్టుకున్న చెయ్యి ఆఫీసరమ్మది. ఈ ఏడాది మాత్రం ఆవిడ చేతులకి చప్పట్లే మిగిలాయి.

"కొట్టక్కా, గట్టిగా కొట్టు!" అని అక్కడి నుంచే అరిచింది తోటికోడలు, మొహమంతా నవ్వుతో.

కొట్టింది. ఆఫీసరమ్మ చప్పట్లు రెండే రెండు. మూడోది కొడితే ప్రాణం పోతుందేమో అన్నట్టు.

ఆఫీసరమ్మ అనేది పిల్లలు పెట్టిన పేరు. సీటిచ్చే ముందు యూనివర్సిటీ వాళ్ళు వీడియోలో పదిహేను నిమిషాలు మాట్లాడతారు, నిజంగా చదువుకోడానికే వస్తున్నావా, ఇంకేమైనా ఉద్దేశం ఉందా అని కూపీ లాగుతారు. దానికి ముందు ఆఫీసులోనే అందరూ ఒక ఉత్తుత్తి ఇంటర్వ్యూ ఇచ్చి తీరాలి, దాన్ని మాక్ అంటారు. అద్దాల గదిలో బల్లకి అటువైపు కూర్చుని, యూనివర్సిటీ ఆఫీసరులా కళ్ళజోడు పైనుంచి చూస్తూ ప్రశ్నలు వేసేది ఈవిడే. నలభై రెండు ప్రశ్నలు, వాటికి నలభై రెండు జవాబులు, అన్నీ ఆవిడే రాసి అచ్చు వేయించింది. పిల్లలు వాటిని ఎక్కాల్లా బట్టీ పట్టాలి. ఒక్క మాట అటూ ఇటూ అయితే "బయటికెళ్ళి మళ్ళీ రా" అంటుంది. తలుపు తీసుకుని మళ్ళీ రావాలి, మళ్ళీ నమస్కారం పెట్టాలి, మళ్ళీ మొదటి ప్రశ్న. ఆ గదిలో ఏడవకుండా బయటికొచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

తోటికోడల్ని ఆ ఆఫీసులో పెట్టించింది కూడా ఈవిడే, అదీ అసలు మంట. ఎనిమిది నెలల క్రితం డైరెక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి, "మా మరిది భార్యండీ, ఇంట్లో ఖాళీగా ఉంటోంది, ఫోన్లయినా ఎత్తుతుంది" అని చెప్పింది. ఫోన్లు ఎత్తింది, నిజమే. ఎత్తిన ప్రతి ఫోనూ మనిషై ఆఫీసుకి నడిచొచ్చింది. వచ్చినవాళ్ళు "చిన్నక్క ఉన్నారా?" అని అడగడం మొదలుపెట్టారు. మూడో నెలకి ఫైళ్ళు ఇచ్చారు, ఐదో నెలకి కిటికీ పక్క కుర్చీ ఇచ్చారు. కిటికీ పక్క కుర్చీ కోసం ఆఫీసరమ్మ నాలుగేళ్ళు ఆగింది!

పోనీ కష్టపడి సాధించిందా అంటే అదీ లేదు. ఊరికే కూర్చుంటుంది, పిల్లలతో వాళ్ళ ఊరి గురించీ, వాళ్ళ పిల్లి గురించీ కబుర్లు చెప్తుంది, ఆ కబుర్ల మధ్యలోనే అప్లికేషన్ నిండిపోతుంది. చూస్తుంటే ఆఫీసరమ్మకి ఒళ్ళు మండిపోయేది.

ఇలా ఉండగా ఒక పెద్ద యూనివర్సిటీ నుంచి ప్రతినిధి మేడమ్ వచ్చింది. పొడుగ్గా, బూడిద రంగు కోటులో, చక్రాల పెట్టె లాక్కుంటూ. తెర మీద గ్రాఫులు వేసి చూపించింది. పోయినేడాది కన్నా పద్దెనిమిది శాతం పెరిగాం, మీ దేశం ఇప్పుడు మా మొదటి మూడు మార్కెట్లలో ఒకటి, ఇంకా లోతుగా వెళ్ళాలి, అంటూ ఏదో సబ్బుల కంపెనీ మనిషిలా చెప్పుకుపోతోంది. ఆఫీసరమ్మ ముందు వరసలో కూర్చుని అన్నీ రాసుకుంటోంది.

వెనక నుంచి తోటికోడలు చెయ్యెత్తింది. "మార్కెట్ అంటే మా పిల్లలే కదా మేడమ్?"

డైరెక్టర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ప్రతినిధి మేడమ్ మాత్రం పగలబడి నవ్వింది. "నిజమే, పిల్లలే. నాకు గుర్తు చేసేవాళ్ళు ఎవరూ లేరు ఈ మధ్య" అంది. ఆ తర్వాత టీ తాగేటప్పుడు వెళ్ళి నిలబడింది ఎవరి పక్కన? తోటికోడలి పక్కన! రెండు పేజీలు రాసుకున్న ఆఫీసరమ్మ మూలన బిస్కెట్ కొరుకుతూ ఉండిపోయింది.

వెళ్ళే ముందు ఆ మేడమ్ అసలు సంగతి చెప్పింది. ఈ నగరంలో మా తరఫున మాకే పనిచేసే మనిషిని ఒకరిని పెట్టుకుంటున్నాం, వేరే గది, వేరే కార్డు, ఏడాదికోసారి క్యాంపస్‌కి వచ్చి రెండు వారాలు ఉండాలి. మీ ఇద్దరిలో ఒకరు. ఈ విడతలో ఆఖరి ఆరు ఫైళ్ళు మిగిలాయి కదా, చెరి మూడు తీసుకోండి, ఇంటర్వ్యూలు ఎలా జరిగాయో చూసుకుని పది రోజుల్లో మళ్ళీ వచ్చి చెప్తాను.

క్యాంపస్ అన్న మాట దగ్గరే ఆఫీసరమ్మ ఆగిపోయింది. ఆరేళ్ళలో ఆవిడ పంపినవాళ్ళు ఆరు వందల మందికి పైనే, ఆవిడ మాత్రం ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. కానీ ఆ యూనివర్సిటీ లైబ్రరీకి మెట్లు ఎన్ని అంటే ఇరవై మూడు అని కళ్ళు మూసుకుని చెప్తుంది. హాస్టల్ నుంచి ల్యాబుకి నడక ఎంతసేపు, ఏ అంతస్తు కిటికీలోంచి నది కనిపిస్తుంది, చలికాలంలో ఏ ద్వారం మూసేస్తారు, అన్నీ కంఠతా వచ్చు. బ్రోషర్లు చూసీ, పిల్లలు పంపిన ఫోటోలు చూసీ నేర్చుకున్న సంగతులు. ఆ ఇరవై మూడు మెట్ల మీద ఒక్కసారి, ఒకే ఒక్కసారి కూర్చోవాలి. అడుగుతున్నది అంతే. దానికి కూడా ఇది అడ్డం రావాలా?

మర్నాడు పొద్దున్న టిఫిన్ దగ్గర అత్తగారు అంటించారు. "ఏమే పెద్దదానా, చిన్నదాన్ని చూసైనా కాస్త నవ్వడం నేర్చుకోరాదూ? అలా మూతి ముడుచుకుని కూర్చుంటే ఆ పిల్లలకి వచ్చినవి కూడా మర్చిపోరూ?"

"అత్తయ్యా, అక్క సీరియస్‌గా ఉండబట్టే ఆఫీసు నడుస్తోంది" అంది తోటికోడలు, చట్నీ వడ్డిస్తూ.

సమర్థించింది! అది ఇంకా ఘోరం. పుండు మీద కారం చల్లి, పైగా విసనకర్ర తెచ్చి విసిరినట్టు.

ఆఫీసుకి వెళ్ళే దారి పొడుగునా, తోటికోడల్ని స్కూటర్ వెనక ఎక్కించుకుని బండి నడుపుతూ, ఆఫీసరమ్మ ఆలోచించింది. తోటికోడలి వంతుకొచ్చిన ముగ్గురు పిల్లలూ మాక్‌కి రావలసింది తన దగ్గరికే. తిడితే బాగుపడతారు. తప్పులు చూపిస్తే దిద్దుకుంటారు. మరి చూపించకపోతే? నవ్వమన్నారుగా అందరూ. నవ్వుదాం. ఎంత తప్పు చెప్పినా నవ్వుదాం. బాగుంది, చాలా బాగుంది, వెళ్ళిరా అందాం. అసలు ఇంటర్వ్యూలో వాళ్ళే మునుగుతారు. మనం తోశామని ఎవరంటారు?

అనుకున్నాక కాస్త భయం వేసింది. కానీ సిగ్నల్ దగ్గర వెనక నుంచి తోటికోడలు "అక్కా, నాకా ఉద్యోగం వస్తే నిన్ను కూడా తీసుకెళ్ళొచ్చేమో అడుగుతా" అంది. అంతే, ఆ భయం కాస్తా ఎగిరిపోయింది.

మొదట వచ్చింది దర్జీ గారి అమ్మాయి. బట్టల తయారీ మీద ఏదో కోర్సు. కుర్చీ అంచున కూర్చుంది. ఆఫీసరమ్మ గురించి ముందే అందరూ చెప్పి ఉంటారు.

"ఈ కోర్సే ఎందుకు తీసుకున్నావు?"

"మా నాన్న ఒకే తాను నుంచి రెండు చొక్కాలు కుడతాడు మేడమ్. ఒకటి ఉతికితే కుదించుకుపోతుంది, ఇంకోటి బాగానే ఉంటుంది. ఎందుకని చిన్నప్పుడు అడిగితే, 'దాని బుద్ధి అంతేలే' అన్నాడు. నాకు ఆ బుద్ధి ఏంటో తెలుసుకోవాలనుంది."

ఆఫీసరమ్మ నాలుక చివరికి వచ్చేసింది: చొక్కాలూ కుదింపులూ ఏంటి, పదకొండో జవాబు చెప్పు, ర్యాంకింగ్ చెప్పు, పరిశోధన సదుపాయాలు చెప్పు, బయటికెళ్ళి మళ్ళీ రా! పళ్ళు బిగబట్టి ఆపుకుంది. ఆపుకుని, పెదవులు రెండు వైపులా సాగదీసి నవ్వింది. "చాలా బాగుంది. ఇంకా చెప్పు."

ఆ పిల్ల నమ్మలేనట్టు చూసింది. కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది. ఇంకా చెప్పింది, అర గంట చెప్పింది.

రెండోవాడు పెద్ద కళ్ళద్దాల కుర్రాడు, ప్రశ్న అడిగాక ఒక యుగం గడిస్తే గానీ నోరు తెరవడు. "ఆలోచించుకుని చెప్పొచ్చా మేడమ్?" అన్నాడు. తన పిల్లలెవరైనా అలా అంటే ఆవిడ కుర్చీలోంచి లేచేది. "తీరిగ్గా ఆలోచించుకో నాన్నా" అంది తియ్యగా. నాన్నా! అద్దం అవతల టైపిస్టు ఆ పెదాల కదలిక చూసి కుర్చీ తిప్పేసుకుంది.

మూడో మనిషి బేకరీ అతను. ముప్ఫై నాలుగేళ్ళు, డిగ్రీకీ ఇప్పటికీ మధ్య పన్నెండేళ్ళ ఖాళీ. ఆ ఖాళీకి ఆవిడ కాగితంలో ఇరవై తొమ్మిదో జవాబు ఉంది, కుటుంబ వ్యాపారంలో నాయకత్వ అనుభవం సంపాదించాను అని. అతను ఆ కాగితం చదివినట్టే లేదు.

"మా నాన్న పోయాడండి. షాపు మూసేస్తే చెల్లెళ్ళ చదువులు ఆగిపోతాయి. అందుకని నేను ఆగాను. ఇప్పుడు వాళ్ళ చదువులైపోయాయి. ఇది నా వంతు."

ఆఫీసరమ్మ చెయ్యి ఆ కాగితం మీదికి వెళ్ళింది. పాపం, ఇతన్ని ఇలా వదిలేస్తే ఎలా? చెప్పేద్దామా, ఇరవై తొమ్మిదో జవాబు కనీసం చేతిలో పెడదామా? తలెత్తింది. అద్దం అవతల తోటికోడలు డైరెక్టర్‌తో ఏదో చెప్తోంది, ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఆరేళ్ళలో ఆయన తనతో ఒక్కసారి అలా నవ్వాడా?

"బాగుందండీ. ఇలాగే చెప్పండి" అంది.

తన ముగ్గురినీ మాత్రం వారం రోజులు నానబెట్టి ఉతికింది. నలభై రెండూ అప్పజెప్పించింది, ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా గీతలు పెట్టి ఇచ్చింది.

పదో రోజు ప్రతినిధి మేడమ్ వచ్చింది. డైరెక్టర్ గదిలో నలుగురూ కూర్చున్నారు. మేడమ్ ల్యాప్‌టాప్ తెరిచింది. ఆఫీసరమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు వేళ్ళలోకి దూర్చి బిగించింది.

"దర్జీ గారి అమ్మాయికి సీటు ఖాయం. మా ప్రొఫెసర్ ఆ చొక్కాల సంగతి విని, ఈ అమ్మాయి ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. కళ్ళద్దాల కుర్రాడికీ ఖాయం, ఆలోచించి మాట్లాడతాడని రాశారు. బేకరీ ఆయనకీ ఖాయం."

ఆఫీసరమ్మ ముందుకి వంగింది. మరి నా వాళ్ళు?

"మిగతా ముగ్గురు..." మేడమ్ కాస్త ఇబ్బందిగా నవ్వింది. "ఒక అబ్బాయిని, ఈ కోర్సులో నీకు ఏదంటే భయం అని అడిగారు. మీ యూనివర్సిటీ ప్రపంచ ర్యాంకింగ్ అన్నాడు."

డైరెక్టర్ ఫక్కున నవ్వి, వెంటనే దగ్గులోకి మార్చాడు.

"ఆ అబ్బాయివీ, ఇంకొకరివీ జవాబులు మాట పొల్లు పోకుండా ఒక్కలా ఉన్నాయి. ఊపిరి తీసుకున్న చోట్లు కూడా ఒక్కలాగే. వచ్చే విడతకి రమ్మన్నాం. మూడో అమ్మాయికి ఇంకో అవకాశం, సోమవారం మళ్ళీ మాట్లాడతారు."

అయిపోయింది. ఇరవై మూడు మెట్లూ ఒక్కొక్కటే కాళ్ళ కిందనుంచి జారిపోయాయి. ప్రతినిధి మేడమ్ తోటికోడలి వైపు తిరిగి చెయ్యి చాచింది. "ఈ ముగ్గుర్నీ ఇంత బాగా తయారు చేసింది..."

"నేను కాదు మేడమ్" అంది తోటికోడలు. "మాక్ చేసింది మా అక్క."

ముగ్గురూ ఆఫీసరమ్మ వైపు తిరిగారు.

"మీరా? ఏం చేశారు?" అంది మేడమ్.

అబద్ధం కోసం వెతికింది. దొరకలేదు. "ఏమీ చెయ్యలేదు" అంది.

"మరి మీ ముగ్గురినీ మీరే చూశారు కదా. అక్కడలా, ఇక్కడిలా ఎందుకు?"

చెప్పాలంటే ఒక్కటే ఉంది, కుళ్ళుతో మేడమ్ అని. నోరు తెరిచేలోపు డైరెక్టర్ అందుకున్నాడు. బేరం పోతోందంటే ఆయన నోటికి రెక్కలొస్తాయి.

"అదే మేడమ్, మావాళ్ళు రెండు పద్ధతులూ పక్కపక్కన పెట్టి చూశారు. ముగ్గురికి పాత పద్ధతి, ముగ్గురికి కొత్త పద్ధతి. ఏది పనిచేస్తుందో తేల్చడానికి!"

"తన సొంత విద్యార్థుల్ని పాత పద్ధతిలో పెట్టారా?" మేడమ్ కళ్ళు పెద్దవయ్యాయి. "ఇలాంటి నిజాయితీ నేనెక్కడా చూడలేదు."

ఆఫీసరమ్మ కాదనలేదు. కాదని అనాలని ఉంది, నోట్లోంచి రాలేదు. బూడిద కోటు చెయ్యి ఆవిడ చేతిని పట్టుకుని ఊపుతోంటే ఊపించుకుంది. జూన్‌లో క్యాంపస్‌కి రండి అంటే తల ఆడించింది. తోటికోడలు చప్పట్లు కొట్టింది, ఆగకుండా కొడుతూనే ఉంది.

సాయంత్రం స్కూటర్ మీద ఇద్దరూ. ఆఫీసులు వదిలే వేళ, బండ్లన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ నడుస్తున్నాయి. ఆఫీసరమ్మ రెండు సిగ్నళ్ళు దాటించింది. మూడో దాని దగ్గర ఎర్ర దీపం పడగానే, ముందుకి చూస్తూనే అనేసింది.

"వాళ్ళు ఫెయిలవ్వాలనే నవ్వాను."

"తెలుసక్కా."

బండి ఆగిపోయింది, ఇంజన్‌తో సహా. "ఏం తెలుసు నీకు?"

"దర్జీ గారమ్మాయి బయటికొచ్చి, మేడమ్ తెగ నవ్వారు, నాన్నా అన్నంత పని చేశారు అంది. నువ్వెప్పుడు నవ్వుతావో నాకు తెలీదా? అత్తయ్యతో చీర బాగుందన్నప్పుడు ఇలాగే నవ్వావు, ఆవిడ దాన్ని మళ్ళీ కట్టలేదు."

"తెలిసి మిగతా ఇద్దర్నీ ఎందుకు పంపావే మరి?"

"ఆ పిల్ల నా దగ్గర ఎన్నాళ్ళు కూర్చున్నా చొక్కాల సంగతి చెప్పలేదక్కా. నా దగ్గర కబుర్లు చెప్తారు గానీ ఇంటర్వ్యూలో ఏం మాట్లాడాలో తెలీదు వాళ్ళకి. ఎదురుగా అంత భయపెట్టే మనిషి కూర్చుని, ఇంకా చెప్పు అంటే ఎవరైనా కడుపులోదంతా కక్కేస్తారు. బాగా పనిచేస్తోంది కదా అని మిగతా ఇద్దర్నీ కూడా పంపించేశా."

ఆఫీసరమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్ళూ కుర్చీ తీసుకుంది, గంట తీసుకుంది, డైరెక్టర్ నవ్వు తీసుకుంది. చివరికి తన కుళ్ళు, తన సొంత కుళ్ళు, ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది, దాన్ని కూడా ఇది తన పనికి వాడేసుకుంది! పచ్చ దీపం పడింది, వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు.

"మరైతే ఆ మేడమ్‌కి నా పేరు ఎందుకు చెప్పావు?"

"చేసింది నువ్వే కదా."

"నువ్వు చెప్పకపోతే ఆ ఉద్యోగం నీకే వచ్చేది."

ఆఫీసరమ్మ ఇంజన్ మళ్ళీ స్టార్ట్ చేసింది. బండి కదిలింది. కాసేపటికి భుజం మీద పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది.

"అదే ఆలోచిస్తున్నానక్కా పొద్దుట్నుంచి" అంది తోటికోడలు, గొంతు మారిపోయింది. "చెప్పేశాక తెలిసింది. నువ్వు జూన్‌లో అక్కడ ఉంటావు, నేను ఇక్కడ చప్పట్లు కొడుతుంటాను. ఆ మేడమ్ నీ చెయ్యి పట్టుకుని ఊపుతుంటే ఇక్కడ, సరిగ్గా గుండెల్లో, పట్టేసింది. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు."

"నిజంగా?"

"నిజంగా. టాయిలెట్‌లోకి వెళ్ళి నీ పేరు పెట్టి తిట్టుకున్నాను."

ఆఫీసరమ్మ అద్దంలోంచి వెనక్కి చూసింది. తోటికోడలి మొహంలో నవ్వు లేదు. ముక్కు ఎర్రగా ఉంది. ఎనిమిది నెలల్లో ఆ మొహం ఇంత బాగా ఎప్పుడూ కనిపించలేదు. ఛాతీ మీదనుంచి బియ్యం బస్తా దించినట్టు గాలి లోపలికి వెళ్ళింది.

"సోమవారం నా మూడో పిల్లకి మళ్ళీ ఇంటర్వ్యూ ఉంది" అంది.

"ఉంటే?"

"మాక్ నువ్వు చెయ్యి."

"నేనా? ఇప్పుడున్న మంటకి నీ పిల్లని చూస్తే పళ్ళు కొరుక్కుంటానక్కా!"

"కొరుక్కుంటూనే అడుగు. ఆ నలభై రెండు జవాబుల కాగితం మాత్రం ఇవ్వకు, నాది చింపేశాను."

కుడివైపు తిరిగితే ఇల్లు రెండు నిమిషాలు. ఆఫీసరమ్మ తిప్పలేదు, తిన్నగా పోనిచ్చింది, చుట్టూ తిరిగొచ్చే పెద్ద రోడ్డు మీదుగా.

"ఇటెందుకక్కా?"

"ఏం లేదు గానీ, టాయిలెట్‌లో ఏమని తిట్టావు?"

"వదిలెయ్ అక్కా, సిగ్గుగా ఉంది."

"చెప్పవే" అంది ఆఫీసరమ్మ, వేగం ఇంకాస్త తగ్గించి. "మొదట్నుంచీ చెప్పు."